స్కూలు అయిపోయాక తమ్ముడేం చేయాలి: మా ఇంటి అనుభవం

మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఉండే జన్యు స్థితి, దానివల్ల మేధో వైకల్యం ఉంటుంది. ఇంట్లో చిన్నోడు అంటాం. వాడికి పదిహేడేళ్లు నిండాక స్పెషల్ స్కూల్ వాళ్లు నాన్నను పిలిపించి, వచ్చే జూన్ నుంచి వాడిని ఉంచుకోవడం కుదరదని చెప్పేశారు. వాళ్లను అనడానికీ లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉచిత విద్య హక్కు ఇచ్చింది ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకే. ఆ పైన ఏం చేయాలో ఎవరి తిప్పలు వాళ్లవి. డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు ఫోన్లో చెప్పింది: అక్కడ పిల్లలకు పదహారేళ్లు వచ్చేసరికి, స్కూలు తర్వాత చదువేంటి, పనేంటి, సొంతంగా బతకడం ఎలా అన్న ప్లాన్ స్కూలే రాసి ఇవ్వాలట, చట్టమే ఉందట. మా చేతికి మాత్రం టీసీ, చివరి ఏడాది రిపోర్టు వచ్చాయి. రిపోర్టులో 'రంగులు జత చేయగలడు, పూసలు గుచ్చగలడు, 20 వరకు లెక్కపెట్టలేడు' అని ఉంది. అంతకుముందు ఏళ్ల రిపోర్టులు తీసి చూస్తే అక్షరం పొల్లుపోకుండా అవే వాక్యాలు. తేదీ ఒక్కటే మారింది.

నాన్న రిటైరైన గవర్నమెంటు టీచరు. 'ఇంకో స్కూలు చూద్దామా?' అన్నాడు. అమ్మ, 'ఇంట్లోనే ఉంటాడులే, నాకూ తోడుగా ఉంటాడు' అంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ శనాదివారాలు హన్మకొండ వచ్చిపోతుంటాను. వాడికంటే పదకొండేళ్లు పెద్దదాన్ని. అమ్మానాన్నల తర్వాత వాడి బాధ్యత నాదేనని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అందుకే నాకు ఇంకో స్కూలు వెతకడం కంటే, నలభై ఏళ్లు వచ్చాక వాడి సోమవారం పొద్దున ఎలా ఉంటుందన్నది పెద్ద ప్రశ్నగా కనిపించింది.

ముందు సర్టిఫికెట్ పని. మేధో వైకల్యం సర్టిఫికెట్‌ను ఐదేళ్లకు, పదేళ్లకు, పద్దెనిమిదేళ్లకు రెన్యూ చేయించుకోవాలి. పద్దెనిమిదేళ్లప్పుడు ఇచ్చేది జీవితాంతం పనికొస్తుంది. కాబట్టి ఆ పుట్టినరోజు దాటాక వెళ్లడమే మంచిది. మీసేవలో స్లాట్ బుక్ చేసి, వైకల్య శాతం తేల్చే ప్రభుత్వ వైద్య శిబిరం సదరం క్యాంపుకు తీసుకెళ్లాం. సైకాలజిస్టు వాడితో ఐక్యూ పరీక్ష చేయించి, అమ్మను కూర్చోబెట్టి వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేలు ప్రశ్నలు అడిగారు. బొత్తాలు పెట్టుకుంటాడా, ఒక్కడే వీధి చివరి దాకా వెళ్లొస్తాడా, ఇలాంటివి. అమ్మకు డాక్టర్ల ముందు కొడుకును తక్కువ చేయడం ఇష్టం లేదు, 'అన్నీ చేసుకుంటాడు సార్' అంటోంది. పక్క కుర్చీలో ఉన్న పెద్దమనిషేమో 'ఏమీ రాదని చెప్పమ్మా, పర్సంటేజీ ఎక్కువొస్తది' అని చెవిలో సలహా. రెండూ కాకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పించడం నాకు పెద్ద పనైంది. ఆ స్కేలులో 55 నుంచి 69 వస్తే మైల్డ్, వైకల్యం 50 శాతం అని రాస్తారు. 36 నుంచి 54 అయితే మోడరేట్, 75 శాతం. మావాడికి 75 శాతం వచ్చింది.

ఈ కాగితం అవసరమే. ఇలాంటి వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం కేంద్రం నడిపే నిరామయ ఆరోగ్య బీమాకు కావాలి, ఏడాదికి లక్ష రూపాయల కవరేజీ, ముందస్తు వైద్య పరీక్షలేమీ అడగరు. నాన్న పెన్షన్ కాగితాల్లో వాడి పేరు ఎక్కించడానికీ కావాలి. ఇది గవర్నమెంటు పెన్షనర్లు తప్పకుండా చేసుకోవాల్సిన పని. సంపాదించుకోలేని వైకల్యం ఉన్న కొడుకుకో కూతురుకో తల్లిదండ్రుల తర్వాత ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, కానీ నాన్న బతికుండగానే వివరాలు ఇచ్చి ఉంటే తర్వాత తిరగాల్సిన ఆఫీసులు తగ్గుతాయి. అంతవరకు సరే. వాడు పొద్దున లేచి ఏ పని చేయగలడు, ఎంతసేపు చేయగలడు, పక్కన ఎవరు ఉండాలి అని అడిగితే మాత్రం 75 శాతం అనే అంకె ఏమీ చెప్పదు.

అది చెప్పే పరీక్ష కోసం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌ వెళ్లాం. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో ఎన్ఐఎంహెచ్ పేరుతో పెట్టిన జాతీయ సంస్థ అక్కడుంది, ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ. అక్కడ స్పెషల్ ఎడ్యుకేటర్ ముందు పెట్టుకున్న చెక్‌లిస్టు పేరు ఎఫ్ఏసీపీ, ఆ సంస్థే తయారుచేసింది. మా స్కూలు రిపోర్టులో వచ్చు, రాదు అని రెండే మాటలుంటాయి. ఇందులో అలా కాదు. సొంతంగా చేస్తే ప్లస్. చిన్న సూచన అందితే చేస్తే 'సి'. నోటితో చెబితే చేస్తే 'వీపీ'. చెయ్యి పట్టి చేయిస్తే 'పీపీ'. అయినా రాకపోతే మైనస్. ఇవి కాక 'ఎన్ఈ' అని ఇంకొకటుంది, ఆ పని చేసే అవకాశమే ఎప్పుడూ రాలేదని.

ఆవిడ వాడితో నిమ్మకాయ నీళ్లు చేయించారు. చిన్నోడు నిమ్మచెక్క పిండాడు, నీళ్లు పోశాడు, చెంచాతో తిప్పడం మొదలుపెట్టాడు. చక్కెర మర్చిపోయాడు. నేను నోరు తెరవబోతే ఆవిడ చేత్తో ఆగమని సైగ చేసి, చక్కెర డబ్బా వైపు ఊరికే చూశారు. వాడు ఆవిడ ముఖం చూశాడు, డబ్బా చూశాడు, 'ఆఁ' అని నవ్వి రెండు చెంచాలు వేశాడు. తర్వాత ఇంకో రెండు, తీపంటే వాడికి ప్రాణం. కాగితం మీద 'సి' పడింది. స్కూలు రిపోర్టులో ఇదే పనికి ఉన్న మాట 'వంట పనులు రావు'.

డబ్బు దగ్గరా ఇలాగే. కొత్త నోట్ల రంగులు వేరువేరు కాబట్టి చకచకా గుర్తుపట్టాడు, 500 బూడిద రంగు, 50 నీలం, 10 చాక్లెట్ రంగు. తడబడింది ఇరవైకీ రెండొందలకీ, రెండూ పసుపు ఛాయే కదా. కొని చిల్లర తెచ్చుకోవడం ఎన్ఈ. ఆటో ఎక్కి దిగడం ఎన్ఈ. గ్యాస్ స్టవ్, తాళం వేయడం, ఫోన్లో నంబరు నొక్కడం, అన్నీ ఎన్ఈ. ఆ వరుస చూసి నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'అంటే ఇవి వాడికి రావని కాదన్నమాట' అన్నాడు. మైనస్‌కు పడాల్సిన దిగులు ఎన్ఈకి పడక్కర్లేదు, దానికి పని ఉంది అంతే. ఎవరైనా నన్ను అడిగితే, అసెస్‌మెంట్ రిపోర్టులో మొదట ఎన్ఈలు లెక్కపెట్టుకోమంటాను. ప్లాన్‌లో సగం అక్కడే దొరుకుతుంది.

మధ్యలో ఒక అడ్డంకి. కొన్ని నెలలుగా చిన్నోడు మందకొడిగా ఉంటున్నాడు, కూర్చున్నచోటే నిద్ర, దేనికీ ఉత్సాహం లేదు. స్కూలు మానేసిన దిగులనుకున్నాం. అసెస్‌మెంట్‌లోనే 'ముందు థైరాయిడ్ చూపించండి' అన్నారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో థైరాయిడ్ తగ్గడం చాలా మామూలు, ఏటా పరీక్ష చేయించాలి. చిన్నప్పటి నుంచి చూసిన పిల్లల డాక్టరు పద్దెనిమిది దాటాక పెద్దవాళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లమన్నారు. ఆ మారే సందులో ఆ ఏటి పరీక్ష జారిపోయింది. మాత్రలు మొదలయ్యాక మనిషి మళ్లీ మనిషయ్యాడు. వాడి ఓపికను ఆ నెలల్లోనే కొలిచి ఉంటే 'గంట కూడా పని చేయలేడు' అని రాసేసేవాళ్లు.

తర్వాతి భాగం హన్మకొండలోనే జరిగింది. ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే వొకేషనల్ సెంటర్‌లో చేర్చాం. అక్కడి ట్రైనర్ మేడమ్ మమ్మల్ని ముగ్గురినీ, చిన్నోడినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి మొదటి ప్రశ్న వాడినే అడిగారు. 'నువ్వు పెద్దోడివైనవు కదా, నీకేం కావాలి?'

'పెండ్లి' అన్నాడు.

అమ్మ తల దించుకుంది. నాన్న నవ్వి తప్పించబోయాడు. మేడమ్ నవ్వలేదు. 'పెండ్లిల నీకేం ఇష్టం?' అని అడిగారు. బ్యాండు, కొత్త బట్టలు, భోజనం, అందరూ వస్తారు, ఇలా వేళ్లు మడుస్తూ చెప్పాడు. ఆవిడ అన్నీ రాసుకున్నారు. పెళ్లి అన్న మాటనూ కొట్టేయలేదు. తాకడంలో ఏది సరి ఏది కాదు, ఎవరైనా తాకబోతే ఎలా వద్దనాలి, తలుపేసుకోవడం అంటే ఏమిటి, ఇవి నేర్పించాలని అదే వరుసలో రాశారు. ఈ విషయాలు ఇళ్లలో మాట్లాడుకోం కాబట్టి పిల్లలకు తెలియకుండానే వయసొచ్చేస్తుంది, అప్పుడు ప్రమాదం మన పిల్లలకే ఎక్కువ.

మేడమ్ వాడే వాప్స్ పద్ధతి కూడా మనోవికాస్‌నగర్‌లోనే పుట్టింది, పనికి సంబంధించిన అసెస్‌మెంట్. కాగితాల పని అయ్యాక ఆవిడ వాడిని నిజంగా పని జరిగే చోట్లకు తీసుకెళ్లారు. పేపర్ ప్లేట్ల యూనిట్‌లో మిషన్ చప్పుడుకు చెవులు మూసుకుని బయటికొచ్చేశాడు. ఒక క్యాంటీన్‌లో పెట్టి చూస్తే టేబుళ్లు బాగానే తుడిచాడు కానీ వచ్చినవాళ్లందరి పక్కనా కూర్చుని ముచ్చట పెట్టాడు. మూడోది చౌరస్తా దగ్గర నాన్నకు తెలిసినాయన ప్రింటింగ్ ప్రెస్సు, శుభలేఖలు వేస్తారు. ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. గోడకు వేలాడే శాంపిల్ కార్డుల ముందు చిన్నోడు చాలాసేపు నిలబడ్డాడు. కార్డు మడవడం, కవర్లో పెట్టడం, వినాయకుడి స్టిక్కరు అంటించడం, వంద చొప్పున కట్టలు కట్టడం అక్కడి పని. మొదటి మూడూ కొద్ది రోజుల్లో పట్టుబడ్డాయి. వంద దగ్గర ఆగిపోయాడు. పది దాకా వస్తాడు, ఆపై పదమూడు, పదిహేను, మళ్లీ పది.

మేడమ్ వాడికి అంకెలు నేర్పే ప్రయత్నమే చేయలేదు. వడ్రంగితో ఒక చెక్క ట్రే చేయించారు, పది అరలతో. ఒక్కో అరలో ఒక్కో కవరు నిలబెడతాడు, అన్నీ నిండితే తీసి రబ్బరు బ్యాండు వేస్తాడు. ఆ చిన్న కట్టలు పది పట్టే పెద్ద ట్రే ఇంకొకటి. అది నిండిందంటే వంద. ఖాళీ అర కంటికి కనిపిస్తుంది కాబట్టి తప్పు పోవడానికి సందు లేదు. 20 వరకు లెక్కపెట్టలేడన్న వాక్యం అన్నేళ్లు వాడికి ప్రతి తలుపు దగ్గరా అడ్డుపడింది. రెండు చెక్క ముక్కలతో దాని పని అయిపోయింది. తర్వాత ప్రెస్సాయన అలాంటి ట్రేలే ఇంకొన్ని చేయించి మిగతా పనివాళ్లకూ ఇచ్చాడు, వాళ్ల కట్టల్లో ఒకటీ అరా తగ్గడం ఆయనకు పాత తలనొప్పి.

పని రావడం ఒకటి, పనిలో మెలగడం ఇంకొకటి. మేడమ్ రాసుకున్న కాగితాల్లో ఎక్కువ భాగం రెండోదే. ఎవరూ చెప్పకుండా ఎంతసేపు చేస్తున్నాడు, స్టిక్కర్లు అయిపోతే అడుగుతున్నాడా లేక ఊరికే కూర్చుంటున్నాడా, కసిరితే ఎలా ఉంటున్నాడు. వచ్చిన ప్రతి కస్టమర్‌నూ కౌగిలించుకునేవాడు. నమస్తే పెట్టడం నేర్పించారు. కటింగ్ మిషన్ చుట్టూ నేల మీద పసుపు గీత గీయించి, అది దాటొద్దని రోజూ చెప్పించారు. ఇప్పుడు గీత దాటినవాళ్లను వాడే కేకలేస్తాడు, ఓనర్‌తో సహా.

జీతం దగ్గర గొడవైంది. ప్రెస్సాయన మంచివాడే. 'మన పిల్లగాడికి కాలక్షేపం, నేను టిఫిన్ పెట్టిస్త కదా' అన్నాడు. నాన్న మొహమాటానికి సరే అనేశాడు కూడా. నేను ఒప్పుకోలేదు. మిగతావాళ్లకు వందకు ఎంత ఇస్తారో వాడికీ అంతే, వాడు తక్కువ కట్టలు కడితే తక్కువ డబ్బు, కట్టినదానికి మాత్రం పూర్తి డబ్బు అన్నాను. కొన్నాళ్లు ముభావంగా ఉండి చివరికి ఒప్పుకున్నాడు. మన పిల్లల విషయంలో దయ చూపించేవాళ్లతో లెక్క మాట్లాడటమే కష్టం.

ఎవరూ ముందుగా ఊహించని సంగతి ఆషాఢం. మూఢమొచ్చినా, ఆషాఢమొచ్చినా ముహూర్తాలుండవు, శుభలేఖలుండవు. మొదటి ఆషాఢంలో పని లేక వాడు ఇంట్లో పళ్లేలు విసిరేసేదాకా వచ్చింది. మేడమ్ ప్లాన్‌లో ఇంకో పేజీ కలిపారు. అదే రోజుల్లో బడులు తెరుస్తారు కాబట్టి, ప్రెస్సులో రసీదు పుస్తకాలు, స్కూలు డైరీలు ఉంటాయి. పేజీలు సర్దే పని ముందే నేర్పించి ఉంచారు. ట్రేలు అవే.

మా ఇల్లున్న నయీంనగర్ నుంచి ప్రెస్సున్న చౌరస్తాకు వెళ్లిరావడం నేర్పడానికి ప్రెస్సు పని నేర్పడం కంటే ఎక్కువ కాలం పట్టింది. మొదట నాన్న వెంట వెళ్లాడు, తర్వాత పది అడుగులు వెనక, తర్వాత రోడ్డుకు అటువైపు. ఒకే ఆటోవాలా పొద్దునా సాయంత్రం తీసుకెళ్లేలా మాట్లాడుకున్నాం, ఆయన రాని రోజు ఏం చేయాలన్నది ఇప్పటికీ నడుస్తున్న పాఠమే. జేబులో నాన్న నంబరు రాసిన చీటీ ఉంటుంది.

ఇక గార్డియన్‌షిప్. పద్దెనిమిదేళ్లు నిండాక తల్లిదండ్రులైనా చట్టం దృష్టిలో సంరక్షకులు కారు, ఇది చాలామందికి బ్యాంకు కౌంటర్ దగ్గరే తెలుస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీ సంరక్షకులను నియమిస్తుంది. కమిటీలో కలెక్టరుతో పాటు ట్రస్టులో నమోదైన ఒక సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగ వ్యక్తి ఉంటారు. అడగ్గానే ఇచ్చేయడం కాదు, ఈ మనిషికి నిజంగా గార్డియన్ అవసరమా, ఏయే పనులకు అవసరం అని చూడాలి. మేమూ ఇంట్లో దీని మీద బాగా వాదించుకున్నాం. అన్ని నిర్ణయాలూ వాడి చేతిలోంచి తీసేసుకోవడం నాకు ఇష్టం లేదు. 2016 చట్టంలో ఉన్న పరిమిత సంరక్షణ పద్ధతి, అంటే ఆ వ్యక్తితో కలిసి నిర్ణయాలు తీసుకోవడం, నాకు నచ్చింది. కానీ పొలం కాగితాల్లో వాడి వాటా ఉంది, బ్యాంకు ఖాతా కావాలి. అమ్మానాన్నలిద్దరూ కలిసి దరఖాస్తు పెట్టారు, పేర్కొన్న పనులు డబ్బు, ఆస్తి, వైద్యం. సుబేదారిలోని కలెక్టరేట్‌లో విచారణ రోజు, కమిటీలోని దివ్యాంగ సభ్యుడు నేరుగా చిన్నోడినే అడిగాడు, 'నీ పైసలు ఎవరు చూడాలె?' అని. 'అమ్మ. నాన్న ఖర్చు పెడ్తడు' అన్నాడు వాడు. గదంతా నవ్వింది, నాన్న తప్ప.

గార్డియన్ సర్టిఫికెట్ వచ్చింది. అది తీసుకుని వెళ్తే బ్యాంకులో కోర్టు ఆర్డరు తెమ్మన్నారు. ఈ కమిటీ ఇచ్చిన సర్టిఫికెట్‌ను బ్యాంకులు నమ్మవచ్చని రిజర్వ్ బ్యాంకు 2007లోనే సూచనలిచ్చింది. ప్రింటు తీసి చూపించాక పై ఆఫీసుకు రాశారు, ఆలస్యమైనా ఖాతా తెరిచారు. ఆ రిజర్వ్ బ్యాంకు కాగితం ఒక కాపీ ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.

గార్డియన్‌కు బాధ్యతలూ ఉంటాయి. నియమించిన ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఆ తర్వాత ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోపు జమా ఖర్చులు కమిటీకి ఇవ్వాలి. నాన్న పాత టీచరు, రిజిస్టరు గీతలు గీసి మరీ రాస్తున్నాడు. ప్రెస్సు నుంచి వచ్చేది ఒక కాలమ్‌లో, చిన్నోడి ఖర్చు ఇంకో కాలమ్‌లో. ఖర్చు కాలమ్‌లో ఎక్కువగా కనిపించేది మిర్చి బజ్జీలు.

ఓటరు కార్డు కోసం కూడా దరఖాస్తు చేశాం. కోర్టు మతిస్థిమితం లేదని తేల్చితే తప్ప మేధో వైకల్యం ఉన్నవారి ఓటుకు అడ్డేమీ లేదు. ఎవరైనా 'ఎందుకమ్మా వీనికి' అంటే వాదించాల్సిన పనిలేదు, ఫారం ఇచ్చి రావచ్చు.

ప్లాన్‌ను మేడమ్ ప్రతి ఆరు నెలలకూ సమీక్షిస్తారు. వచ్చే మీటింగుకు చిన్నోడే ఒక అంశం ఇచ్చాడు: సొంత ఫోను, అందులో ఫోన్‌పే. ప్రెస్సులో అందరూ స్కాన్ చేసి చాయ్ తాగుతారు, వాడొక్కడే నోటు తీస్తాడట. అమ్మ ససేమిరా అంటోంది, ఎవడో ఫోన్ చేసి ఖాతా ఖాళీ చేస్తాడని భయం, ఆ భయం తీసిపారేసేది కాదు. వాడి పేర విడిగా చిన్న ఖాతా తెరిచి, అందులో వారానికి సరిపడా డబ్బే ఉంచితే ఎలా ఉంటుందని నేనన్నాను. బ్యాంకులో మళ్లీ ఏ కాగితం అడుగుతారోనని నాన్న అప్పుడే ఫైలు తీసి కూర్చున్నాడు. చిన్నోడు మాత్రం ఫోను కవరు రంగు దాకా వచ్చేశాడు, నీలం కావాలట.